సెసీలియా మెయిరేలెస్‌ని పోర్చుగీసు నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చుకోవడం ఎలా

బ్రెజిల్ కవి సెసీలియా మెయిరేలెస్ (1901–1964) తెలుగులోకి రావాలంటే దారులు రెండు. ఇంగ్లీషు అనువాదం ముందు పెట్టుకుని తెలుగు చేయడం ఒకటి, నాలుగు నెలలు పోర్చుగీసు నేర్చుకుని మూలం నుంచే చేయడం రెండోది. మొదటిది సులువుగా కనిపిస్తుంది కానీ అసలు నష్టాలన్నీ అక్కడే జరుగుతాయి. క్రియలోనే కర్త ఇమిడిపోవడం, పదాల మధ్య అచ్చులు కలిసిపోవడం, ముక్కుతో పలికే అచ్చులు: ఈ మూడింట్లోనూ పోర్చుగీసు ఇంగ్లీషు కన్నా తెలుగుకే దగ్గర. అందుకే ఇక్కడ చెప్పేదంతా రెండో దారి గురించే.

కావలసినవి

పోర్చుగీసు మాట్లాడటం రానక్కర్లేదు. వర్తమాన కాలం, రెండు భూతకాలాలు, నామవాచకాల లింగం, 'ఉండు' అనే అర్థమిచ్చే సేర్, ఎస్తార్ అనే రెండు క్రియల తేడా తెలిస్తే ఆమె పొట్టి కవితల్లో ఎక్కువ భాగం అందుతాయి. రోజూ గంట చొప్పున మూడు నాలుగు నెలలు కూర్చుంటే చాలు. ప్రిబెరామ్, మికేలిస్ నిఘంటువులు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి, రెండూ చూడాలి. మొదటిది పోర్చుగల్ వైపు వాడుకకు, రెండోది బ్రెజిల్ వాడుకకు. ఒక మాట రెండు చోట్లా రెండు రకాలుగా కనిపిస్తే బ్రెజిల్ అర్థాన్ని ముందు పరీక్షించండి. అయితే ఆమె పాతకాలపు పోర్చుగల్ మాటల్ని కావాలని వాడిన సందర్భాలున్నాయి కాబట్టి పోర్చుగల్ అర్థాన్ని కొట్టిపారేయొద్దు.

నోటుబుక్కులో ప్రతి కవితకీ ఎడమ పేజీలో మూలం చేత్తో రాసుకోండి. కాపీ పేస్టు వద్దు. చేత్తో రాస్తేనే ఏ అచ్చు మీద గుర్తుందో, ఏ పాదం పొట్టిగా ఉందో కంటికి ఆనుతుంది. కుడి పేజీ సగానికి మడిచి, ఒక సగంలో మాటకి మాట అర్థం, రెండో సగంలో తెలుగు పాదం.

ఒక జాగ్రత్త. ఆమె పేరు మీద ఇంటర్నెట్లో తిరిగే సూక్తులన్నీ ఆమెవి కావు. ఏ పుస్తకంలో, ఏ కవితలో ఉందో దొరకని వాక్యాన్ని అనువదించకండి. వెతికేటప్పుడు ఇంటిపేరు రెండు 'ఎల్' అక్షరాలతో కూడా వెతకాలి, తొలి ప్రచురణల్లో అలాగే ఉంటుంది.

జీవితంలో ఏది తెలిసుండాలి

జీవిత చరిత్ర మొత్తం అక్కర్లేదు. కవితలోకి దారి చూపించే సంగతులు తెలిస్తే చాలు.

1901 నవంబరు 7న రియో డి జనీరోలో పుట్టింది. తండ్రి బ్యాంకు ఉద్యోగి, ఆమె పుట్టడానికి మూడు నెలల ముందే పోయాడు. తల్లి బడి పంతులమ్మ, బిడ్డకి మూడేళ్ళు నిండకుండానే పోయింది. నలుగురు పిల్లల్లో బతికి బట్టకట్టింది ఈమె ఒక్కతే. పెంచింది అమ్మమ్మ జసింతా గార్సియా బెనెవీడెస్, అట్లాంటిక్ మధ్యలోని అసోర్ దీవుల మనిషి. సెసీలియా కవితల్లో సముద్రం ఊరికే దృశ్యంగా రాదు. అమ్మమ్మ వచ్చిన దారి అది, వెళ్ళినవాళ్ళు తిరిగిరాని దారి కూడా. 'సముద్రం' అని తెలుగు చేసేటప్పుడు 'సాగరం', 'కడలి', 'జలధి' అంటూ పాదానికో పర్యాయపదం వేసే అలవాటు మనకుంది. ఇక్కడ అది మానుకోవాలి. మూలంలో ఒకటే మాట పదే పదే వస్తుంది, ఆ పట్టుదలే కవిత.

తొమ్మిదేళ్ళకి ప్రాథమిక బడి ముగించినప్పుడు బంగారు పతకం అందించిన తనిఖీ అధికారి అప్పటికే పేరున్న కవి ఒలావు బిలాక్. 1917లో ఉపాధ్యాయ శిక్షణ పూర్తయింది. 1919లో తొలి పుస్తకం వచ్చింది, పదిహేడు సానెట్లు (పద్నాలుగు పాదాల కవితలు). 1922లో పోర్చుగీసు చిత్రకారుడు ఫెర్నాందు కొహేయా దియాస్‌ని పెళ్ళాడింది, ముగ్గురు కూతుళ్ళు. 1930 నుంచి 1933 దాకా ఒక దినపత్రికలో విద్య గురించి రోజువారీ పేజీ నడిపింది. 1932లో, బడి అందరిదీ కావాలనీ మతం చేతిలో ఉండకూడదనీ కోరిన విద్యావేత్తల ప్రకటన మీద సంతకం చేసింది. 1934లో రియోలో పిల్లల గ్రంథాలయం తెరిచింది, నియంతృత్వం వచ్చిన 1937లో దాన్ని మూయించారు. 1935లో భర్త ఆత్మహత్య చేసుకున్నాడు. 1940లో వ్యవసాయ శాస్త్రవేత్త ఎయితోర్ గ్రీలుతో రెండో పెళ్ళి. 1964 నవంబరు 9న రియోలోనే చనిపోయింది.

పంతులమ్మ, పాత్రికేయురాలు, గ్రంథాలయం నడిపిన మనిషి: ఈ వైపు వదిలేసి 'విషాద కవయిత్రి' అని ఒక్క ముక్కలో తేల్చేసే పరిచయాలు ఎక్కువ. ఆ చట్రంలో చూస్తే ఆమె పిల్లల కవితలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అర్థం కాదు.

పరిచయం రాసేటప్పుడు తప్పులు దొర్లే చోట్లు కొన్ని ఉన్నాయి. 'వియాజెమ్' (ప్రయాణం) రాతప్రతికి బ్రెజిల్ సాహిత్య అకాడమీ బహుమతి 1938లో వచ్చింది, పుస్తకం లిస్బన్‌లో అచ్చయింది 1939లో. రెండు తేదీలూ ఒకటి చేసేస్తుంటారు. ఆమె అకాడమీ సభ్యురాలు అని రాయకండి. ఆ అకాడమీలో మొదటి స్త్రీ సభ్యురాలు 1977లో అడుగుపెట్టింది, అప్పటికి ఈమె పోయి పదమూడేళ్ళు. అకాడమీ ఇచ్చే మషాదు దె అసీస్ పురస్కారం ఆమెకి 1965లో, మరణానంతరం ప్రకటించారు. ఇండియా వచ్చింది 1953లో, ఆ కవితల పుస్తకం వచ్చింది 1961లో.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి

కాలక్రమంలో చదవద్దు. తొలి పుస్తకాలు మూడింటినీ ఆమే పక్కన పెట్టేసింది. 1958లో కవితలన్నీ ఒక చోట చేర్చినప్పుడు 'వియాజెమ్'తోనే మొదలుపెట్టింది. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

అందులో 'మొతీవు' (హేతువు), 'హెత్రాతు' (రూపచిత్రం) అనే రెండు పొట్టి కవితలు బ్రెజిల్‌లో బడిపిల్లలకి కూడా తెలిసినవి. ఆ తర్వాత 1964 నాటి పిల్లల పుస్తకం 'ఓ ఇష్తు ఓ అకీలు' (ఇదో, అదో). అప్పుడు 'వాగ మూజిక' (1942), 'మార్ అబ్సొలూతు' (1945), 'హెత్రాతు నతురావ్' (1949). వీటితో చెయ్యి తిరిగాక 'హొమాన్సేయ్రు ద ఇన్‌కొంఫిదెన్సియ' (1953). 'సొలోంబ్ర' (1963) అన్నిటికన్నా చివర. ఆ పేరే పాతకాలపు పోర్చుగీసులో నీడకున్న రూపం. లోపలి కవితలు కూడా అంతే చిక్కగా ఉంటాయి, ఏడాది అనుభవం లేకుండా చెయ్యి పెడితే కవిత మిగలదు, నిఘంటువు అర్థాలు మిగులుతాయి.

పలుకుబడి: అరసున్నని వాడుకోండి

అనువాదానికి ముందు కవితని పైకి చదవాలి. రియో మాండలికంలో చదవండి, ఆమెది ఆ ఊరే. కొన్ని సూత్రాలు పట్టుకుంటే చాలు.

పదం చివరి 'ఒ' ఉకారంగా, చివరి 'ఎ' ఇకారంగా పలుకుతుంది. ఇకారం ముందున్న తకారం 'చ', దకారం 'జ' అవుతాయి. తకారం లాంటి పరుషాల ముందూ, మాట చివరా సకారం రియోలో 'ష్' అవుతుంది. పదం మొదట్లో వచ్చే రేఫ, జంట రేఫ గొంతులోంచి హకారంలా వస్తాయి. కాబట్టి ఊరి పేరు అక్కడివాళ్ళ నోట 'హీవు'. చివరి లకారం 'వ్' అవుతుంది.

ఇక ముక్కుతో పలికే అచ్చులు. 'కాదు' అనే అర్థమున్న మాటని చాలామంది 'నావో' అని రాస్తారు, అది తప్పు వినికిడి. మనం బడిలో చదివి వదిలేసిన అరసున్న సరిగ్గా ఈ ధ్వనికి గుర్తు: నఁవు. చేతిరాత నోటుబుక్కులో అరసున్న ధారాళంగా వాడండి. అచ్చులో కవిత పేర్లు ఇచ్చేటప్పుడు మాత్రం పాఠకుడికి అలవాటైన రూపమే ఇవ్వడం మేలు. 'నా' అనే అర్థమున్న స్త్రీలింగ రూపం 'మీఞ': మన ఞకారం ఒంటరిగా పనికొచ్చే అరుదైన చోటు.

కవి పేరు తెలుగులో నాలుగైదు రకాలుగా రాయొచ్చు. రియో పలుకుబడికి దగ్గరగా అంటే 'మెయ్‌రేలిష్', కానీ సెసీలియా మెయిరేలెస్ అన్నది చదవడానికి తేలిక. ఊనిక, అంటే ఒత్తి పలికే చోటు, 'రే' మీద ఉందని తెలిసేలా ఆ దీర్ఘం ఉంచండి. ఏది ఎంచుకున్నా వ్యాసం మొత్తం ఒకటే ఉండాలి.

పాదం లెక్కపెట్టడం

పోర్చుగీసు ఛందస్సులో గురువు లఘువు లేవు, మాత్రల లెక్క లేదు. అక్షరాలు, అంటే పలికే ముక్కలు, లెక్కపెడతారు. నియమాలు రెండే. పాదంలో చివరి ఊనిక పడ్డ ముక్క దగ్గర లెక్క ఆగిపోతుంది, ఆ తర్వాత ఉన్నది లెక్కలోకి రాదు. పక్కపక్క పదాల మధ్య అచ్చులు కలిస్తే ఒకే ముక్క. రెండో నియమం సంధి తెలిసిన మనకి కొత్త కాదు.

'మొతీవు' మొదటి పాదాన్ని విడగొడితే ఇలా ఉంటుంది:

ఎవు | కాన్ | తు | పోర్ | క్యుఇన్‌ష్ | తాన్ | చీ | జిష్ | (చి)

ఎనిమిది. బ్రాకెట్లోది లెక్కలోకి రాదు. కొత్తవాళ్ళకి ఇక్కడ తొమ్మిది వస్తుంది. కారణం అయిదో ముక్క. అందులో మూడు పదాల అచ్చులు ఒకేసారి కలిసిపోయాయి, రెంటిని కలిపి మూడోదాన్ని విడిగా లెక్కేస్తారు. రెండు, మూడు పాదాల్లోనూ ఎనిమిదే. నాలుగో పాదం 'సో పొయేత', మూడే ముక్కలు. మిగతా మూడు చరణాల్లో నాలుగో పాదం ఇంకా చిన్నది, రెండేసి. కవిత మొత్తం పదహారు పాదాలు. ప్రతి చరణం మూడు అడుగులు నిండుగా వేసి, నాలుగో అడుగు సగంలో ఆపేస్తుంది. ఈ ఆగడం తెలుగులో రాకపోతే మిగతాదంతా సరిగ్గా ఉన్నా కవిత రానట్టే.

ఒక చరణం దగ్గరగా

అదే మొదటి చరణం. మాటకి మాట అర్థం: నేను పాడతాను, ఎందుకంటే క్షణం ఉంది. నా జీవితం పూర్తిగా ఉంది. ఉల్లాసిని కాను, విచారిని కాను. కవిని.

మొదటి చిక్కు 'ఉండు'. మూడో పాదంలో వాడింది సేర్, స్వభావం చెప్పేది. కాబట్టి 'నేను సంతోషంగా లేను' అని రాస్తే తప్పు. ఈ పూట బాగాలేదన్న అర్థం వచ్చేస్తుంది. రెండో పాదంలో వాడింది ఎస్తార్, ప్రస్తుత స్థితి చెప్పేది. నా బతుకు ఎప్పుడూ నిండుగా ఉంటుందని ఆమె అనలేదు, ఇప్పుడు నిండుగా ఉందంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే క్రియ, అక్కణ్ణుంచి వస్తే ఈ తేడా కనిపించే అవకాశమే లేదు. తెలుగులో 'మనిషిని కాను', 'నిండుగా ఉంది' అని సహజంగానే రెండు రకాలు.

రెండో చిక్కు అనిపించేది నిజానికి మనకి దొరికిన అదృష్టం. 'సో పొయేత' అంటే క్రియ, నామం రెండు మాటలు. తెలుగులో 'కవిని' అంటే చాలు, నేను అన్నది ఆ చివరి 'ని'లోనే ఉంది. మూడు ముక్కల పాదానికి మూడక్షరాల మాట. ఇంగ్లీషు వాక్యాన్ని ముందు పెట్టుకున్నవాళ్ళు 'నేను ఒక కవయిత్రిని' అని రాస్తారు. అందులో 'నేను' దండగ, 'ఒక' తెలుగు కాదు, 'కవయిత్రి' మూలానికి వ్యతిరేకం.

ఇలా చేయొచ్చు:

క్షణమంటూ ఉంది కాబట్టి పాడతాను,
నా బతుకిప్పుడు నిండుగా ఉంది.
నవ్వుల మనిషినీ కాను, దిగుళ్ళ మనిషినీ కాను:
కవిని.

మూలంలో ఒకటీ మూడూ, రెండూ నాలుగూ పాదాలకి అంత్యప్రాస ఉంది. పైన అది వదిలేశాం. ప్రాస కోసం 'కవిని' అన్న మాట జరిగిపోతే నష్టం ఎక్కువ. దానికి బదులు 'కాను, కాను' అన్న జంట కొంత నాదం ఇస్తుంది.

ఇప్పుడు లింగం సంగతి. పోర్చుగీసులో స్త్రీ కవికి 'పొయెతీజ' అని విడిగా మాట ఉంది. ఆమె అది వాడలేదు. అంతేకాదు, రెండో చరణం మొదట్లో జారిపోయే వస్తువులకి 'ఇర్మఁవు'ని అంటుంది, అంటే సోదరుణ్ణి. చివరి చరణంలో ఒకరోజు మూగనవుతానన్నప్పుడు కూడా పుంలింగ రూపమే. పొరపాటున పడ్డ రూపాలు కావు ఇవి. ఈ కవితలో మాట్లాడే గొంతుని ఆమె పుంలింగంలో పెట్టింది. అనువాదకులు 'రాసింది ఆడమనిషి కదా' అని చెల్లెల్ని చేసేస్తుంటారు. చేయకండి.

తెలుగులో దీనికి ఒక ఇబ్బందీ ఉంది, ఒక వెసులుబాటూ ఉంది. మనకి అన్నో తమ్ముడో తేల్చకుండా బంధుత్వం చెప్పడం కష్టం. 'సోదరుణ్ణి' అంటే సభలో ఉపన్యాసంలా ఉంటుంది. 'తోడబుట్టినవాణ్ణి' అంటే చిన్నా పెద్దా తేల్చనక్కర్లేదు, పుంలింగమూ నిలుస్తుంది, ఇంటి మాట కూడా. చివర్లో 'మూగబోతాను' అనేస్తే లింగం మాయమవుతుంది. హాయిగా ఉంటుంది కానీ, ఇక్కడ 'మూగవాణ్ణవుతాను' అన్న కరుకుదనమే సరైనది. మొదటి చరణంలో 'మనిషిని' అని ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే. అది ఏ వైపూ మొగ్గదు, తర్వాత వచ్చే 'వాణ్ణి'తో తగువు పడదు.

చివరి పాదం 'మయిష్ నాద'. 'అంతే' అని రెండక్షరాల్లో ముగించాలని చెయ్యి లాగుతుంది, కొలత కూడా సరిపోతుంది. కానీ నాద అంటే శూన్యం, ఏమీ లేకపోవడం. 'అంతే'లో ముగింపు ఉంది, లేమి లేదు. 'మరేం లేదు' మంచిది.

ఇదే కారణంతో ఆమె గురించి రాసే వచనంలో కూడా 'కవయిత్రి' కన్నా 'కవి' అనడమే సబబు.

పిల్లల కవితలు: అర్థం కన్నా శబ్దం

'ఓ ఇష్తు ఓ అకీలు'లో పేరు కవిత కొత్తవాళ్ళకి అతి సులువైన అభ్యాసం. వానుంటే ఎండ లేదు, ఎండుంటే వాన లేదు అంటూ రెండింటిలో ఒకటే దక్కుతుందన్న లెక్క. వాక్య నిర్మాణం ఒకటే, మాటలు మారుతుంటాయి. ఒక సాయంత్రంలో అయిపోతుంది.

'కొలార్ జి కరొలీన' అలా అవదు. మొదటి నాలుగు పాదాల్లోనే పగడాల హారంతో కరొలీనా కొండమీది స్తంభాల మధ్య పరిగెడుతుంది. మూలంలో హారం, పగడం, అమ్మాయి పేరు, పరుగు, స్తంభాలు, కొండ అన్నీ కకారంతో మొదలవుతాయి. అది మన వృత్త్యనుప్రాస. 'పగడాల హారం, స్తంభాలు, గుట్ట' అని రాస్తే అర్థం వస్తుంది, కవిత పోతుంది. కాబట్టి ముందు కకారపు మాటల జాబితా రాసుకోండి: కంటె, కెంపు, కంబం, కొండ, కోన, కులుకు. పగడానికి కకారపు మాట లేదు. అయితే తర్వాతి పాదాల్లో కవితకి కావలసింది రాయి కాదు, ఎరుపు. ఆ ఎరుపు పిల్ల మెడకీ బుగ్గలకీ అంటుకుని, చివరికి ఎండ ఆ రంగునే స్తంభాల తలలకి కిరీటంగా పెడుతుంది. కెంపు అంటే మనకి రాయీ అవును, రంగూ అవును. పగడం వదిలి కెంపు పట్టుకుంటే శబ్దమూ రంగూ రెండూ దక్కుతాయి.

కెంపుల కంటెతో
కరొలీనా
కొండమీది కంబాల నడుమ
పరుగు.

ఇలాంటి మార్పు పెద్దల కవితల్లో చేయకూడదు. అక్కడ వస్తువు మారితే అబద్ధం చెప్పినట్టే.

గాథల పుస్తకం

'హొమాన్సేయ్రు ద ఇన్‌కొంఫిదెన్సియ' పేరులోనే రెండు గోతులున్నాయి. హొమాన్సి అంటే ఇక్కడ ప్రేమకథా కాదు, నవలా కాదు, పాడుకునే గాథ. ఆ గాథలు ఎనభై అయిదున్నాయి. ఇన్‌కొంఫిదెన్సియ అంటే నమ్మకద్రోహం. 1789లో వీలా హీక (నేటి ఓరు ప్రేతు) ఊళ్ళో పోర్చుగల్ రాచరికం నుంచి విడిపోవాలనుకున్నవాళ్ళకి ఆ రాచరికం వేసిన ముద్ర అది. 'విప్లవ గాథలు' అని అనువదిస్తే ముద్ర ఎవరు వేశారన్నది చెరిగిపోతుంది. 'ద్రోహ గాథలు' అన్నా సరే, లోపల ఒక్క వాక్యం వివరణ ఇస్తే చాలు.

చదివే ముందు తెలియాల్సిన చరిత్ర కొంచెమే. గనుల్లో దొరికిన బంగారంలో అయిదో వంతు రాజుకి. బకాయి పడితే ఆ ప్రాంతం మొత్తం మీద బలవంతపు వసూలు. ఆ వసూలు భయంలోంచి కుట్ర పుట్టింది. లోపలి మనిషే ఒకడు వెళ్ళి చెప్పేశాడు. పట్టుబడ్డవాళ్ళలో కవులున్నారు: క్లావుదియు మనుయెల్ ద కొస్త చెరలోనే శవమై దొరికాడు, తొమాస్ అంతోనియు గొంజాగని మొజాంబిక్‌కి పంపేశారు. ఉరి తీసింది ఒక్కణ్ణే, జొవాకిం జొజే ద సిల్వ షవియేర్‌ని, 1792 ఏప్రిల్ 21న, రియోలో. పళ్ళు పీకే పని కూడా చేసేవాడు కనక అందరూ చీరదేంచిష్ అని పిలిచేవాళ్ళు, అంటే పళ్ళు పీకేవాడు. ఆ పేరుని అనువదించకుండా ఉంచి, మొదటిసారి వచ్చిన చోట అర్థం చెప్పాలి. ఆ తేదీ ఇప్పుడు బ్రెజిల్‌లో జాతీయ సెలవు.

ఈ గాథల్లో ఎక్కువ భాగం ఏడు ముక్కల పాదం, జానపదుల నోట ఆడే కొలత. ఏడు అనగానే ఏడు మాత్రల పాదం వేస్తే దెబ్బతింటారు. తెలుగు మాటలు పొడుగు, ఏడు మాత్రల్లో రెండు మాటలు పట్టడమే గగనం. మూలంలో ఒక పాదానికి తెలుగులో మూడు, నాలుగు, మూడు, నాలుగు చొప్పున పద్నాలుగు మాత్రలు, అంటే గురజాడ ముత్యాల సరం నడక, చక్కగా సరిపోతుంది. అది వినగానే పాట అని చెవికి తెలుస్తుంది, పద్యంలా బిగుసుకోదు. ఆ పాత గాథల పద్ధతిలో సరిపాదాలకే ప్రాస, అదీ హల్లులు కలవకుండా అచ్చులు మాత్రమే కలిసే ప్రాస. మనం రెండో అక్షరం ప్రాస జోలికి పోనక్కర్లేదు. రెండు, నాలుగు పాదాల చివర గుణింతం కలిస్తే చాలు.

53వ గాథ మాటల గురించి. మాటల్ని పిలిచి, మీకెంత వింత శక్తి అంటుంది. మొదట్లో 'అయ్' అన్న నిట్టూర్పు రెండుసార్లు వస్తుంది. 'అయ్యో' అంటే జాలి, 'అయ్యయ్యో' అంటే నవ్వు. ఆ నిట్టూర్పుని మాటగా వెతక్కుండా సంబోధన దీర్ఘంలోకి పంపండి: 'మాటల్లారా, ఓ మాటల్లారా'. శక్తికి 'బలం' వేస్తే పాట నడకలో ఇముడుతుంది.

నిఘంటువు చాలని మాటలు

'వాగ మూజిక'లో వాగ అంటే అస్పష్టమైన, అల అని రెండర్థాలూ ఉన్నాయి. తెలుగులో రెండూ ఒకే మాటలో రావు. పేరుకి 'అలల సంగీతం' అని పెట్టి, లోపల అస్పష్టతని మాటల ఎంపికలో చూపించడం నయం.

సవుదాజి అనే మాటకి ఏ భాషలోనూ సమానార్థకం లేదని తరచూ చెబుతారు. తెలుగువాళ్ళు అది నమ్మాల్సిన పని లేదు. దూరమైన మనిషి మీదా, ఊరి మీదా, తిరిగిరాని కాలం మీదా పెట్టుకునే 'బెంగ' చాలా చోట్ల అతుకుతుంది. 'విరహం' అంటే ప్రియుడు కావాలి, 'జ్ఞాపకాలు' అంటే బాధ తగ్గుతుంది. బెంగ అతకని చోట్లూ ఉంటాయి, ముఖ్యంగా సవుదాజిలో తీపి ఎక్కువైనప్పుడు. అక్కడ వాక్యాన్నే తిప్పి రాయండి.

ఇండియా కవితలు

గాంధీ హత్య తర్వాత 1948లో ఆమె ఒక స్మృతి గీతం రాసింది. 1953లో ఢిల్లీలో గాంధీ మీద జరిగిన సదస్సుకి పిలుపు అందుకుని వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఠాగూర్‌ని పోర్చుగీసులోకి అనువదించింది కూడా. ఆ ప్రయాణంలో రాసిన పుస్తకం 'పొయేమజ్ ఇష్క్రీతుజ్ న ఇంజియ', ఇండియాలో రాసిన కవితలు. బెంగళూరు, ఔరంగాబాదు, పూరీ, మన హైదరాబాదు అందులో ఉన్నాయి. హైదరాబాదులోని ఒక అంధుడి మీద ఉన్న కవిత తెలుగు పాఠకుడికి మొదట చూపించదగ్గది. వెతికేటప్పుడు ఊరి పేరు పోర్చుగీసు వర్ణక్రమంలో, చివర ఒక 'దె' చేర్చి వెతకాలి, లేకపోతే దొరకదు.

ఈ పుస్తకంలో ప్రమాదం వేరే రకం. మనకి తెలిసిన దృశ్యాలు కాబట్టి ఆమె చూడనివి కూడా మనం పూడ్చేస్తాం. ఆమె 'వస్త్రం' అంటే మనం 'పోచంపల్లి చీర' అనకూడదు. గేదె అన్న చోట గేదే ఉండాలి. దూరం నుంచి వచ్చిన మనిషి పేర్లు తెలియకుండా చూసిన చూపు ఆ కవితలకి ప్రాణం, మన తెలివి అందులో కలపకూడదు.

ప్రచురించే ముందు

ఇండియాలో కాపీరైటు రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది మొదలు నుంచి అరవై ఏళ్ళు. ఆమె పోయింది 1964లో కాబట్టి, ఆమె బతికుండగా అచ్చయిన కవితలు 2025 జనవరి 1 నుంచి ఇక్కడ అందరివీ. బ్రెజిల్‌లో డెబ్భై ఏళ్ళు, అంటే 2034 చివరిదాకా వారసుల హక్కు ఉంటుంది. ఇక్కడ పుస్తకం వేసుకోవడానికి అడ్డు లేదు. విదేశాల్లో అమ్మాలన్నా, ఈ-పుస్తకంగా అన్ని దేశాలకీ పెట్టాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. ఆమె మరణం తర్వాత మొదటిసారి అచ్చయిన రచనలకి లెక్క అచ్చయిన ఏడాది నుంచి నడుస్తుంది, వాటిని విడిగా చూసుకోండి. కొత్త బ్రెజిల్ ప్రచురణల్లోని ముందుమాటలూ వివరణలూ ఆయా సంపాదకులవి, అవి వాడుకోకూడదు. ఇంగ్లీషు అనువాదం మీద ఆధారపడితే ఆ అనువాదకుడి హక్కు కూడా మీ మెడకి చుట్టుకుంటుంది.

చివరి పరీక్షకి ఇద్దరు కావాలి. పోర్చుగీసు తెలిసిన ఒకరి చేత మూలం చదివించి, మీ తెలుగు మీరు చదవండి, ఒక చరణం వాళ్ళు, ఒక చరణం మీరు. ఇద్దరి గొంతులూ ఒకే చోట ఆగుతున్నాయా చూడండి. తర్వాత పోర్చుగీసు అస్సలు రాని తెలుగు పాఠకుడికి కవిత మాత్రం ఇచ్చి, ఏ పాదం దగ్గర వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడో అడిగి గుర్తు పెట్టుకోండి. ఆ పాదాలే తిరిగి రాయాలి. అచ్చులో ప్రతి కవిత కిందా మూలం పేరు, ఏ పుస్తకం, ఏ ఏడాది అన్నవి ఒక్క పంక్తిలో వేయండి. పేజీ చాలితే మూలాన్ని ఎదురు పేజీలో వేయడం అన్నిటికన్నా మంచిది, ముఖ్యంగా 'మొతీవు'కి. భాష రాకపోయినా నాలుగో పాదం ఎంత పొట్టిదో పాఠకుడి కంటికి కనిపిస్తుంది.